గొడుగు కింద లెక్కల సారు

మా మనవరాలు పక్క గదిలో ఫోను ముందు కూర్చుని లెక్కలు నేర్చుకుంటుంది. చెప్పే టీచరమ్మ ఏ ఊళ్లో ఉంటుందో నాకు తెలియదు, దానికీ తెలియదు. క్లాసు మొదలైన దగ్గర్నుంచీ ఇద్దరూ ఒకరినొకరు "వినిపిస్తోందా, వినిపిస్తోందా" అని అడుగుతూనే ఉంటారు. మొన్న గుమ్మంలో నిలబడి నవ్వాను. "తాతా, ఆన్‌లైన్ క్లాసుల గురించి నీకేం తెలుసని నవ్వుతున్నవ్?" అంది. అడవి మధ్యలో, ఆకాశం నుంచి దిగే చదువుకు ఇన్‌చార్జిగా వెలగబెట్టినవాణ్ని పట్టుకుని అనవలసిన మాటేనా అది? అప్పుడు దాన్ని ఆన్‌లైన్ అనేవాళ్లు కాదు, అంతే తేడా. ఆ కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను. ఫోన్లలో చదువుకునే పిల్లలూ, కాస్త ఓపిక పట్టి చదవండి. ఇందులో నీతి ఏమైనా కనపడితే అది నా పొరపాటు.

మాది వైరా. నేను సోషల్ మాస్టారిని. రెండు వేల సంవత్సరం దాటిన కొన్నాళ్లకు, సెల్‌ఫోను అంటే పెద్ద ఆఫీసర్ల చేతుల్లో ఉండే వస్తువు అనుకునే రోజుల్లో, నన్ను భద్రాచలం అవతల అడవి అంచున ఉన్న ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకు బదిలీ చేశారు. సారపాక దగ్గర కాగితం మిల్లు వాసన దాటి, గోదావరి బ్రిడ్జి దాటి, బస్సు దిగి జీపెక్కి, ఆ జీపు కూడా ఇక నావల్ల కాదని ఆగిపోయిన చోటు నుంచి నడిచి వెళ్లాలి. చుట్టూ కోయపల్లెలు. మా పిల్లలు ఇంట్లో కోయలో మాట్లాడి, బడిలో తెలుగులో చదివి, లెక్కల దగ్గరకొచ్చేసరికి ఎక్స్, వై అని ఇంగ్లీషులో ఏడవాలి.

ఆ ఏడుపు తుడవడానికి మా బడిలో లెక్కల మాస్టారి పోస్టు ఉండేది. మాస్టారు మాత్రం ఉండేవారు కాదు. వేసిన ప్రతి మనిషీ జీపు ఆగే చోటు దాకా వచ్చి, అక్కడున్న టీ కొట్టులో మలేరియా గురించి వాకబు చేసి, అదే జీపులో వెనక్కి వెళ్లి బదిలీ చేయించుకునేవాడు. ఒకాయన ధైర్యం చేసి మా గేటు దాకా వచ్చాడు. గేటు మీద తేలు కనపడింది. తేలు ఉండిపోయింది, ఆయన వెళ్లిపోయారు.

అలాంటి బడికి ఒక రోజు డిష్షు వచ్చింది. దానితోపాటు ఒక పెద్ద టీవీ, ఒక డబ్బా, ఒక మైకు. పట్నంలో స్టూడియోలో కూర్చుని ఒక మాస్టారు పాఠం చెబితే, ఉపగ్రహం మీదుగా అది మాలాంటి ఎన్నో బళ్లకు ఒకేసారి చేరుతుంది. పిల్లలకు అనుమానం వస్తే మైకు బొత్తాం నొక్కి అడగొచ్చు. ఆ గొంతు స్టూడియోకు వెళ్లి, అక్కడి నుంచి తిరిగి అన్ని బళ్ల టీవీల్లోనూ వినిపిస్తుంది. బిగించడానికి వచ్చిన కుర్రవాడు వెళ్తూ వెళ్తూ ఒక హెచ్చరిక చేశాడు. "మైకు పట్టుకునేటప్పుడు టీవీ గొంతు తగ్గించాలె సార్. లేకపోతే మీ మాటే మీకు తిరిగొస్తది." మేమంతా గంభీరంగా తలలూపాం. ఆ హెచ్చరికను గుర్తుపెట్టుకోండి. మేము పెట్టుకోలేదు.

ఈ మొత్తం సరంజామాకు ఇన్‌చార్జి ఎవరు? మా హెడ్మాస్టరు గారు ఎర్రుపాలెం వైపు మనిషి, బంగారంలాంటి మనిషి, యంత్రమంటే మాత్రం హడలు. ఆయన నన్ను పక్కకు పిలిచి, "మీ ఇంట్లో కలర్ టీవీ ఉందటగా అండీ?" అన్నారు. ఉందన్నాను. "అయితే ఇంకేం, మీరేనండీ" అన్నారు. నా సాంకేతిక అర్హత అంతటితో నిర్ధారణ అయింది.

రిమోటును మాత్రం ఆయన నాకు ఇవ్వలేదు. మొదటి వారంలోనే ఆయన ఏదో బొత్తాం నొక్కితే టీవీ మొత్తం నీలంగా మారిపోయింది. ఆ కుర్రవాడు మళ్లీ వచ్చేదాకా పిల్లలు ఆ నీలం వైపే చూస్తూ కూర్చున్నారు. అప్పటి నుంచి రిమోటును ప్లాస్టిక్ సంచిలో చుట్టి, బీరువాలో ఆయన బైబిలు పక్కన పెట్టి తాళం వేసేవారు. క్లాసుకు ముందు బయటికి తీసి, కళ్లు మూసుకుని, "ప్రభువా, సిగ్నల్ దయచేయి తండ్రీ" అని ప్రార్థించి, ఒకే ఒక్క ఎర్ర బొత్తాం నొక్కేవారు. మిగతా బొత్తాల జోలికి జన్మలో పోలేదు.

బొమ్మ వచ్చింది. బొమ్మలో లెక్కల సారు వచ్చారు. సన్నటి మీసం, చేతిలో సుద్దముక్క, మెల్లగా నచ్చజెప్పే గొంతు. "అర్థమైందా పిల్లలూ?" అని ఆయన అనగానే మా పిల్లలంతా లేచి నిలబడి "అర్థమైంది సార్" అని పెంకులు ఎగిరిపోయేలా అరిచేవారు. ఆయనకు వినపడదే అని నేనంటే, "మరి అడిగిండు గద సార్" అనేవారు. అడిగినవాడికి జవాబు చెప్పకపోవడం వాళ్ల లెక్కలో లేదు.

మా వంటామె ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆమెది ఆ పక్క పల్లే. ఒక రోజు కిటికీలోంచి పాఠం చూసి, గబగబా లోపలికొచ్చి, టీవీ ముందు స్టీలు గ్లాసుతో నీళ్లు పెట్టింది.

"ఏందమ్మా ఇది?" అన్నాను.

"ఏందంటవేంది సార్? పొద్దటిసంది మొత్తుకుంటుండు గా సారు. గొంతెండదా? మీకు మనసు లేదా?"

ఆయన అక్కడ లేరనీ, పట్నంలో ఉన్నారనీ నేను వివరించడం మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే టీవీలో సారు పాఠం ఆపి, పక్కనున్న గ్లాసు ఎత్తి గటగటా నీళ్లు తాగారు. వంటామె నా వైపు చూసిన చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ తర్వాత ప్రతి క్లాసుకూ టీవీ ముందు నీళ్ల గ్లాసు ఉండేది. క్లాసు అయ్యాక హెడ్మాస్టరు గారు తాగేవారు.

డిష్షును ఊళ్లో అందరూ గొడుగు అనేవారు. ఇప్పపువ్వు రాలే కాలంలో ఓ రోజు పాఠం మధ్యలో సారు చుక్కలు చుక్కలుగా చెదిరిపోయారు. నిచ్చెన వేసుకుని పైకెక్కి చూస్తే గొడుగు నిండా ఇప్పపువ్వు ఆరబోసి ఉంది. వంటామెను పిలిచి కేకలేశాను. ఆమె కింద నుంచే, "గింత మంచి చాట యాడ దొరుకుతది సార్? ఎండ మొత్తం అండ్లనే పడుతది" అంది. ఆ గొడుగును ఎందుకు ఆ ఆకారంలో చేశారో బిగించిన కుర్రవాడు నాకు చెప్పిన సంగతి కూడా ఇంచుమించు అదే. పువ్వు ఊడ్చడానికి చీపురు పట్టుకుని ఆమే పైకెక్కింది, రెండు వైపులా బాదింది, గొడుగు కాస్త ఒరిగింది. అప్పటి నుంచి బొమ్మ ముందు కంటే స్పష్టంగా వచ్చింది. నేను దాన్ని మళ్లీ ముట్టుకోలేదు.

నవ్వులాట మాట అలా ఉంచితే, పిల్లలకు లెక్కలు వస్తున్నాయి. ఎక్స్ అంటే బెదిరిపోయే పిల్లలు వంటగది గోడ మీద బొగ్గుతో సమీకరణాలు రాసుకునేవారు. నాకు లెక్కలు రావు కాబట్టి అవి తప్పో ఒప్పో చెప్పలేను గానీ, ఆ గోడ చూసినప్పుడల్లా ఒళ్లు పులకరించేది. ఆ టీవీ సారు తప్ప వాళ్లకు వేరే లెక్కల సారు లేడు. పదో తరగతిలో లెక్కలు తప్పితే ఆ పిల్లల చదువు అక్కడితో సరి. ఇంటికెళ్లి, పెళ్లయి, మళ్లీ పుస్తకం ముట్టరు. ఆ సంగతి నాకూ హెడ్మాస్టరు గారికీ తెలుసు.

అలాంటిది ఒక రోజు ఆయన భద్రాచలంలో మీటింగుకు వెళ్లి, మొహం వేలాడేసుకుని తిరిగొచ్చారు.

"సెట్టు తీసుకెళ్లిపోతారటండీ" అన్నారు.

"ఎవరు? ఎక్కడికి?"

"పై ఆఫీసువాళ్లండీ. కరెంటు బాగుండే టౌను బడికి ఇస్తారట. మన సెంటర్ నుంచి ఇంతవరకు ఒక్క డౌటు కూడా రాలేదట. మనవాళ్లు వింటున్నారో లేదో, అసలు బడి ఉందో లేదో కూడా తెలియట్లేదన్నారండీ."

ఆ మాట నిజమే. మైకు మాకు ఉంది గానీ ఎవరూ నొక్కలేదు. టౌను బళ్ల పిల్లలు ముందే అందుకుని "సార్, సార్" అనేవారు. మా పిల్లలు మైకును చూస్తేనే ఓణీ నోట్లో కుక్కుకునేవారు. టీవీలో ఉన్న మనిషికి జవాబివ్వమంటే అందరూ కలిసి అరుస్తారు. ఒక్కతే మాట్లాడమంటే గాలి కూడా రాదు.

చివరికి కుదిరిన ఒప్పందం ఇదీ. ఆఫీసరు స్వయంగా ఫలానా రోజు వస్తారు. ఆ రోజు లెక్కల క్లాసులో మా సెంటర్‌నుంచి ఒక పిల్ల స్టూడియోతో మాట్లాడాలి. మాట్లాడితే సెట్టు ఉంటుంది. లేదంటే వచ్చిన జీపులోనే ఎక్కించుకుని పోతారు. "ఈజీ డౌటు ఒకటి చూసి పెట్టుకోండ్రి" అని ఆఫీసరే సలహా కూడా ఇచ్చారట. అంత దయగల మనిషి జీపు ఎందుకు తెస్తాడని నాకు ఒళ్లు మండింది.

ఎవరు మాట్లాడాలి? బాగా లెక్కలొచ్చే పిల్ల గొంతు పక్క బెంచీకే వినపడదు. నాకు ఇంకో పిల్ల తట్టింది. లెక్కల్లో మధ్యరకం. గొంతు మాత్రం వాగు ఇవతల నిలబడి పిలిస్తే అవతల మేకలు వెనక్కి తిరిగేంత ఉంటుంది. ఆ గొంతు గొప్పదనం నాకు స్వయంగా తెలుసు. ఎలా తెలుసో చెప్పడానికి కాస్త సిగ్గు పడాలి.

ఆ పల్లెల వాళ్లు అడవిలో ఒకరికొకరు కనపడకపోతే "కూ" అని కూతేస్తారు. విన్నవాళ్లు ఎవరైనా సరే తిరిగి పలకాలి. ఎవరు పిలిచారు, ఎందుకు పిలిచారు అన్నది తర్వాతి సంగతి. పలక్కపోతే అవతలి మనిషి దారి తప్పాడనో, ఎలుగుబంటి ఎదురైందనో అర్థం. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక పొద్దున చెంబు పట్టుకుని పొదల వెనక్కి వెళ్లాను. దారిలో వదిలిన నా చెప్పులు చూసి ఈ పిల్ల కూతేసింది. ఆ భంగిమలో ఉన్న పెద్దమనిషి ఏమని పలుకుతాడు? ఊరుకున్నాను. మళ్లీ కూతేసింది. చుట్టుపక్కల పక్షులన్నీ లేచిపోయాయి. ఇంకా ఊరుకున్నాను. కాసేపటికి డప్పు చప్పుడు వినపడింది. "సారు తప్పిపోయిండు" అంటూ కర్రలు పట్టుకుని సగం ఊరు నన్ను వెతకడానికి వస్తోంది, ముందు వంటామె. ఇక తప్పక, పొదల వెనక నుంచి సన్నగా "కూ" అన్నాను.

"కూతేస్తే పలకాలె సార్" అని ఆ పిల్ల అందరి ముందూ నాకు పాఠం చెప్పింది. "పలికేటందుకు సిగ్గేంది?"

ఆ పిల్లనే ఎంచుకున్నాను. డౌటు కూడా ఎంచుకున్నాను. మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకొస్తుంది? టీవీ సారు ఇదివరకే ఓసారి చెప్పిందే. చిన్న తరగతి లెక్కే, కానీ మేము పోటీకి పోవడం లేదు కదా, బడి ఉందని నిరూపించుకోవాలంతే. అసలు మైకు పాడైపోతే ఎలా అని హెడ్మాస్టరు గారు దాన్ని ముట్టనివ్వలేదు. వంటామె గరిటె తెచ్చి దాంతో సాధన చేయించాను. గరిటె పట్టుకో, బొత్తాం నొక్కినట్టు నొక్కు, అడుగు, వదులు, విను. రోజూ ఇదే. చివరికి ఆ డౌటూ దాని జవాబూ బడిలో అందరికీ నోటికి వచ్చేశాయి. వంటామె పప్పు తిప్పుతూ "మైనస్ ఇంటూ మైనస్" అని గొణుక్కునేది.

ఆ రోజు రానే వచ్చింది. జీపు ఆగే చోటు దాకా ఎదురెళ్లాను, ఆఫీసరు దిగారు. వెనక సీట్లు తీసేసి ఉన్నాయి, లోపల తాళ్లు చుట్టలు చుట్టి ఉన్నాయి. అవి టీవీని కట్టడానికే. బడికి నడిచొచ్చి ఆయన ముందు కుర్చీలో కూర్చున్నారు. పక్కన హెడ్మాస్టరు గారు, చేతిలో రిమోటు. టీవీ ముందు నీళ్ల గ్లాసు. పిల్ల నిలబడింది, చేతిలో నిజమైన మైకు. గరిటె కంటే తేలిగ్గా ఉందని నాతో మెల్లగా అంది.

టీవీలో సారు పాఠం ఆపి, మా సెంటర్ పేరు చదివి, "అమ్మా, అడుగు" అన్నారు.

పిల్ల బొత్తాం నొక్కింది. "నమస్తే సార్. నాకొక డౌటు. మైనస్‌ను మైనస్‌తోని గుణిస్తే ప్లస్ ఎందుకొస్తది?" గంటలా మోగింది గొంతు. బొత్తాం వదిలింది. నేను ఊపిరి వదిలాను. సెట్టు దక్కింది అనుకున్నాను.

ఒక్క క్షణం గడిచింది. టీవీలోంచి ఒక ఆడపిల్ల గొంతు వచ్చింది. "నమస్తే సార్. నాకొక డౌటు. మైనస్‌ను మైనస్‌తోని గుణిస్తే ప్లస్ ఎందుకొస్తది?"

మాకందరికీ తెలిసింది అది ఆ పిల్ల గొంతేనని. టీవీ గొంతు తగ్గించలేదు, ఆ కుర్రవాడు చెప్పినట్టే మాట తిరిగొచ్చింది. తెలియనిది ఒక్క ఆ పిల్లకే. తన గొంతు యంత్రంలోంచి వస్తే ఎలా ఉంటుందో అది జన్మలో వినలేదు. ఎక్కడో ఇంకో బడిలో, ఇంకో పిల్ల, సరిగ్గా తన డౌటే అడుగుతోంది. పిలిచినవాళ్లకు పలకాలి. టీవీలో సారు నోరు తెరిచేలోపే పిల్ల బొత్తాం నొక్కేసింది.

"నీకు గూడ గిదే డౌటా చెల్లె?"

"నీకు గూడ గిదే డౌటా చెల్లె?" అంది టీవీ.

"అవ్. నేను చెప్త, ఇను."

"అవ్. నేను చెప్త, ఇను."

పిల్ల కాస్త తడబడింది. మళ్లీ సర్దుకుంది. మా బడిలో పాఠం అలాగే జరుగుతుంది, ఒకరు చెబితే మిగతావాళ్లు తిరిగి అంటారు. ఆ పిల్ల కూడా తన వెనకే వల్లె వేస్తోందని అర్థం చేసుకుంది. ఇక ఒక్కో ముక్కా చెప్పి, బొత్తాం వదిలి, అవతల తిరిగి అనేదాకా ఆగి, తర్వాతి ముక్క చెప్పడం మొదలుపెట్టింది. పుస్తకంలో జవాబు కూడా కాదు. ఎదుటి పిల్లకు పుస్తకం ముక్క తలకెక్కదని అనిపించిందో ఏమో, సొంతంగా ఎత్తుకుంది.

"నువ్వు వాగు దిక్కు మొఖం పెట్టి నడిస్తే వాగు దిక్కు పోతవ్." ఆగింది. టీవీ అదే అంది.

"ఇప్పుడు తిరిగి ఊరి దిక్కు మొఖం పెట్టు. గదొక మైనస్." ఆగింది.

"గట్లనే నిలబడి ఎనక్కి నడువు. గదింకో మైనస్." ఆగింది.

"యాడికి పోతున్నవ్? మల్ల వాగు దిక్కే గద!"

"మల్ల వాగు దిక్కే గద!" అని టీవీ ఒప్పుకుంది.

నేను హెడ్మాస్టరు గారికి సైగలు చేస్తున్నాను. గొంతు తగ్గించండి, తగ్గించండి అని అరచేతిని కిందికి ఊపుతున్నాను. ఆయన మొదట తనను కూర్చోమంటున్నాననుకుని కుర్చీలో ఇంకా కిందికి దిగారు. తర్వాత సంగతి అర్థమై, చెమటలు పట్టి, కళ్లు మూసుకుని, ఇన్నాళ్లూ ముట్టని ఒక బొత్తాం గట్టిగా నొక్కి పట్టుకున్నారు. అది గొంతు పెంచే బొత్తాం.

"అర్థమైందా?" అంది పిల్ల.

"అర్థమైందా?" అని టీవీ కిటికీ రెక్కలు అదిరేలా అరిచింది.

పిల్ల ఉలిక్కిపడింది. "ఎందుకు మొత్తుకుంటవ్? నాకెప్పుడో అర్థమైంది."

"ఎందుకు మొత్తుకుంటవ్? నాకెప్పుడో అర్థమైంది!"

పిల్లకు కోపం వచ్చింది. "ఎప్పుడో అర్థమైతే మరి డౌటెందుకు అడిగినవ్?"

"ఎప్పుడో అర్థమైతే మరి డౌటెందుకు అడిగినవ్?"

పిల్ల ఇరుకున పడింది. నా వైపు చూసింది. నేను వద్దు వద్దని తల అడ్డంగా ఊపేలోపే, అన్ని బళ్లకూ వినపడేలా నిజం చెప్పేసింది.

"మా సారు అడగమన్నడు, అడిగిన!"

"మా సారు అడగమన్నడు, అడిగిన!"

పిల్ల మొహం విప్పారింది. "మీ సారు గూడ గట్లనేనా?" అంది ఎంతో సానుభూతిగా.

నేను గోడకు ఆనుకున్నాను. వెనక బెంచీల్లో పిల్లలు ఓణీలు కొరుకుతూ వణుకుతున్నారు. ఆఫీసరు వైపు చూసే ధైర్యం లేదు. ఆయన తల వంచుకుని ఉన్నారు, భుజాలు ఎగిరిపడుతున్నాయి. దగ్గు వచ్చిందనుకుని వంటామె పరుగున వచ్చి టీవీ ముందున్న నీళ్ల గ్లాసు ఆయనకు అందించింది. ఆయన ఒక గుక్క తాగి, ఆ గుక్క హెడ్మాస్టరు గారి చొక్కా మీద ఊశారు. అప్పుడు తెలిసింది ఆయన నవ్వుతున్నారని.

టీవీలో సారు సుద్దముక్క బల్ల మీద పెట్టారు. ఆయనకు మా పిల్ల గొంతు ఒక్కటే చేరింది. రెండో బడి పిల్ల గొంతు తన దాకా అందడం లేదని అనుకున్నట్టున్నారు. "నేను ఇన్నేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను" అన్నారు మెల్లగా. "వాగు, ఊరు పెట్టి చెప్పవచ్చని నాకు తోచలేదు. ఆ రెండో అమ్మాయి ఎవరో గానీ అదృష్టవంతురాలు. పిల్లలూ, అన్ని సెంటర్లవాళ్లూ లేవండి. కిటికీ మీ వాగు. తలుపు మీ ఊరు. తలుపు వైపు తిరగండి. ఇప్పుడు వెనక్కి నడవండి."

మా పిల్లలు అడిగినవాళ్లకు జవాబిచ్చే రకమని చెప్పాను కదా. అందరూ లేచారు. తలుపు వైపు తిరిగి వెనక్కి నడిచారు. వంటామె నడిచింది. హెడ్మాస్టరు గారు రిమోటు గుండెకు ఆనించుకుని నడిచారు. ఆఫీసరు కూడా, ఏం బుద్ధి పుట్టిందో, లేచి మాతోపాటే వెనక్కి నడిచి, కిటికీకి వీపు కొట్టుకుని, "అచ్చా, వాగొచ్చింది" అన్నారు. ఆ సమయంలో ఎన్ని ఊళ్లలో ఎంతమంది పిల్లలు కిటికీల వైపు వెనక్కి నడుస్తున్నారో తలుచుకుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అందరం జీపు దాకా సాగనంపాం. జీపెక్కేటప్పుడు ఆఫీసరు హెడ్మాస్టరు గారితో, "సెట్టు ఈడనే ఉండనియ్యండ్రి. లెక్కల సారు లేడంటరేంది, మీకు ఇద్దరున్నరు. ఒకటి ఈ పిల్ల, ఇంకోటి ఆ పిల్ల" అన్నారు. నా వైపు తిరిగి, "ఈజీ డౌటు అడగమన్నది నేనే గద, మీరేం ఫికర్ పడకండ్రి" అన్నారు. వంటామె జీపులోకి తొంగిచూసి, "గా తాళ్లు ఇగ మీకు పనిలేవు గద సార్" అంది. తాళ్లు దించుకున్నాకే జీపును కదలనిచ్చింది. ఆ తర్వాత మా పిల్లల లంగాలు, ఓణీలు ఆ తాళ్ల మీదే ఆరాయి.

ఆ రోజు పాఠం ప్రభావం టౌను బళ్ల మీద కూడా పడింది. ఒకరు డౌటు అడిగితే మరొకరు చెప్పడమే కొత్త పద్ధతి అని అక్కడ ఇద్దరేసి పిల్లల్ని తయారు చేసి నిలబెట్టేవారు. టీవీలో వాళ్ల గొంతులు విని మా పిల్ల పెదవి విరిచేది.

అది వేరే పిల్ల కాదనీ, తన గొంతేననీ దానికి చెప్పి చూశాం. క్లాసంతా చెప్పింది. నేను ఉపగ్రహం బొమ్మ గీసి చెప్పాను. "నా గొంతు నాకు తెల్వదా సార్?" అంది. "నాది గట్ల ముక్కుతోని వస్తదా? గా పిల్లకు జలుబుండె." మా అందరి గొంతులూ మాకు ఒకలా వినపడతాయి, ఊరందరికీ ఇంకోలా వినపడతాయి. నేను పాడతానని మా ఆవిడ ఈనాటికీ ఒప్పుకోదు.

పది ఫలితాలు వచ్చాయి. ఆ పిల్ల పాసైంది. లెక్కల్లో నేను అనుకున్నదానికంటే బాగా వచ్చాయి. సెలవుల్లో బడి ఖాళీగా ఉన్న రోజు మార్కులు తెలుసుకోవడానికి నడిచి వచ్చింది. చెప్పాను. నవ్వింది. గేటు దాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చి, వెనక్కి తిరిగి వచ్చింది.

"సార్, ఆ పిల్ల పాసైందా?"

"ఏ పిల్ల?"

"గదే సార్, నేను లెక్క చెప్పిన పిల్ల. పాపం, దానికి గూడ లెక్కల సారు లేనట్టుంది. గిట్ల నాలెక్క టీవీ చూసే నేర్చుకుంటుండె గావచ్చు."

మళ్లీ ఉపగ్రహం బొమ్మ గీద్దామని సుద్దముక్క అందుకున్నాను. ఎందుకో గీయబుద్ధి కాలేదు. ఆ పిల్ల అడిగింది. నేను పలకాలి.

"పాసైందమ్మా" అన్నాను. "లెక్కల్లో సరిగ్గా నీకు వచ్చినన్నే వచ్చినయ్."

అది కాసేపు ఆలోచించింది. ఆ తర్వాత పెద్ద టీచరమ్మలా తలూపింది.

"అవ్ మరి" అంది. "నేను చెప్పినంతే గద దానికి వచ్చేది."